జాడ చెప్పిన పరమాణువు: జార్జ్ డి హెవెసీ

విజ్ఞానశాస్త్ర చరిత్రలో అపజయం నుండి పుట్టిన విజయాలు కొన్ని ఉన్నాయి. అట్టి విజయమొకటి సాధించిన జార్జ్ డి హెవెసీ జీవితాన్ని విద్యార్థి మిత్రుల ముందుంచుతున్నాము.

హెవెసీ 1885 ఆగస్టు 1న బుడాపెస్టు నగరంలో, యూదు సంతతికి చెందిన సంపన్న కుటుంబంలో జన్మించారు. 1911లో మాంచెస్టరు చేరి రూథర్‌ఫర్డ్ వద్ద పరిశోధనకు పూనుకున్నారు. సీసంలో కలిసియున్న రేడియం-డి అనే రేడియోధార్మిక పదార్థాన్ని వేరుచేయుమని గురువు ఆదేశించారు. ఎంత శ్రమించినా అది వేరుపడలేదు. రేడియం-డి సీసానికే ఐసోటోపు. రసాయన క్రియలలో రెండింటికీ భేదం లేదు.

విడదీయరాని ఆ పదార్థం సీసం ఎక్కడికేగినా వెన్నంటే ఉంటుంది; తన కిరణాలతో దాని జాడ చెబుతుంది. ఈ భావంతో హెవెసీ 1913లో వియన్నాలో పానెత్‌తో కలిసి తొలి ప్రయోగాలు చేశారు. చిక్కుడు జాతి మొక్కలు సీసాన్ని గ్రహించే తీరును 1923లోనూ, ఎలుకల ఎముకలలో భాస్వరం నిరంతరం మారుతుండే సంగతిని 1935లోనూ వెల్లడించారు.

1940లో జర్మను సైన్యం డెన్మార్కును ఆక్రమించగా, కోపెన్‌హేగెన్‌లో దాచిన లావే, ఫ్రాంక్‌ల నోబెల్ స్వర్ణపతకాలను ద్రవరాజంలో కరిగించి కాపాడారు. 1943లో తానే స్వీడనుకు తరలిపోవలసి వచ్చింది. ఆ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకు లభించింది. 1966 జూలై 5న ఫ్రైబుర్గులో కన్నుమూశారు.

ఆయన చూపిన మార్గం నేడు రోగులకు ఎట్లు ఉపకరిస్తున్నదో ఒక ఉదాహరణ చెబుతాము. క్యాన్సరు సోకిన ప్రోస్టేట్ గ్రంథిని శస్త్రచికిత్సతో తొలగించిన పిదప, రక్తంలో పి.ఎస్.ఎ. దాదాపు కనబడకుండా పోవాలి. అది మరల పెరుగుతుంటే వ్యాధి తిరిగి తలయెత్తిందని వైద్యులు శంకిస్తారు. కాని ఎక్కడ? తొలిదశలో సి.టి. స్కాను, ఎముకల స్కాను తరచు ఏమీ చూపవు. ఆ చోటు తెలియనిదే రోగికి తగిన చికిత్స నిర్ణయించడం కష్టం.

ఈ క్యాన్సరు కణాలపై సాధారణంగా అధికంగా ఉండే పి.ఎస్.ఎమ్.ఎ. అనే ప్రోటీనును అంటిపట్టుకొనే అణువుకు గాలియం-68ను జతచేసి నరంలోకి ఎక్కిస్తారు. అది వెలువరించే పాజిట్రాను ఎలక్ట్రానుతో కలిసి నశించగా, రెండు గామా కిరణాలు ఎదురెదురు దిశలలో వెడలుతాయి. పెట్ స్కానరు వాటిని పసిగట్టి కణాల స్థానాన్ని చూపుతుంది. 68 నిమిషాలకే గాలియం సగానికి తగ్గుతుంది. అమెరికాలో ఈ పరీక్షకు 2020లో అనుమతి లభించింది. మరీ సూక్ష్మమైన కణసమూహాలు దీనికీ చిక్కకపోవచ్చు. అయినను చిన్న శోషరస గ్రంథిలో దాగిన వ్యాధిని సైతం ఇది పలుమార్లు బయటపెట్టగలదు.

ప్రయోగశాలలో ఫలితం రాక నిరుత్సాహపడే మన విద్యార్థులు, సీసం ముందు ఓడిన ఆ యువకుణ్ణి స్మరింతురు గాక!