బాపట్ల మున్సిఫ్ పోస్టు వదిలేసిన మనిషి

దర్శిలోనో, పొదిలిలోనో, అద్దంకిలోనో ఏ ఇంట్లోనైనా ఒక్క మాట అని చూడండి: వచ్చిన గవర్నమెంటు ఉద్యోగం వదిలేస్తున్నా అని. ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం తినరు. మిర్చి అమ్మిన డబ్బు తెచ్చి కోచింగ్ ఫీజు కట్టిన నాన్నకి అది జోకులా వినపడదు. ఆయన కోపంలో తప్పు కూడా లేదు.

మన పక్కనే, బాపట్లలో, ఒకాయన అచ్చంగా ఆ పనే చేశారు. జిల్లా మున్సిఫ్‌గా కొన్నాళ్లు పనిచేసి బయటికొచ్చేశారు. అదే మనిషి తర్వాత దేశానికి తొమ్మిదో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి తెలుగువాడు ఆయనే. పేరు కోకా సుబ్బారావు. జీకే బిట్లలో మీకు ఎప్పుడో తగిలే ఉంటారు. ఆప్షన్ టిక్ పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయి ఉంటారు. ఈసారి కాస్త ఆగండి, ఆయన కెరీర్‌లో మీకు పనికొచ్చేది చాలా ఉంది.

1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. అక్కడే ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ, తర్వాత మద్రాసు లా కాలేజీలో న్యాయశాస్త్రం. చదువవగానే మద్రాసులో మామగారు పి. వెంకటరమణారావు నాయుడు గారి ఆఫీసులో చేరారు. తర్వాత మున్సిఫ్‌గా ఎంపికై బాపట్ల వచ్చారు. అప్పటి జిల్లా మున్సిఫ్ అంటే ఇప్పటి జూనియర్ సివిల్ జడ్జి అనుకోండి. పొలం గట్టు తగాదాలు, ప్రామిసరీ నోట్ల దావాలు ముందుగా వచ్చేది ఆ కోర్టుకే. సేఫ్ ఉద్యోగం, గౌరవం, నెల తిరిగేసరికి జీతం. మామగారు మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యాక ఆయన మళ్లీ ప్రాక్టీసు వైపే వెళ్లారు. బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలిసి ఆఫీసు పెట్టారు. ఆ రాజమన్నార్ తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. మోటివేషన్ వీడియోలు చేసేవాళ్లయితే దీన్ని ఎగరగొట్టేస్తారు. సుబ్బారావు గారు గాల్లోకి దూకలేదు. కింద ఒక ఆఫీసు ఉంది, పక్కన బావమరిది ఉన్నాడు, వకీళ్లలో ఇంటిపేరుకి పరపతి ఉంది. మనలో చాలామందికి అవేవీ ఉండవు. కాబట్టి ఆయన వదిలేశారు కదా అని మీరూ రేపు రిజైన్ చెయ్యక్కర్లేదు. చూడాల్సింది వేరే ఉంది. వదిలే ముందు, వెళ్లబోయే చోట తన పని ఏంటో ఆయనకి తెలుసు. మీ దగ్గర ఆఫర్ లెటర్ ఉండి, మనసు ఇంకోచోట ఉంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న అదే.

1948లో మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు, హైకోర్టు మన గుంటూరు. ఆ హైకోర్టుని ఏర్పాటు చేసే ప్రత్యేకాధికారిగా పనిచేసిందీ, 1954లో దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి అయిందీ సుబ్బారావు గారే. స్టార్టప్ అనే మాట మనం రోజూ వాడతాం కదా, సున్నా నుంచి ఒక హైకోర్టుని నిలబెట్టడం ఎలాంటి పనో ఊహించుకోండి. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాక కోర్టు హైదరాబాద్‌కి మారింది, ఆయనా మారారు. 1958 జనవరి 31న సుప్రీంకోర్టుకి వెళ్లారు.

నేను ఇంజినీరింగ్ చదివి టెక్నాలజీ మీద రాసుకునేవాణ్ని. లా కాలేజీ గడప తొక్కలేదు. నాకు ఈయన పరిచయమైంది ఫోన్లో యాప్ పర్మిషన్ల గురించి చదువుతున్నప్పుడు. ఎలాగంటారా?

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ని ఒక దోపిడీ కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేదని వదిలేశారు. కానీ పోలీసులు ఆయన పేరుతో హిస్టరీ షీటు తెరిచి, అర్ధరాత్రిళ్లు వచ్చి తలుపు కొట్టడం, ఎక్కడికెళ్తున్నాడో కనిపెట్టడం మొదలుపెట్టారు. ఆయన సుప్రీంకోర్టుకి వెళ్లాడు. 1962 డిసెంబర్‌లో ఆరుగురు జడ్జిల బెంచ్ తీర్పు చెప్పింది. రాత్రిళ్లు ఇంటికి రావడం మాత్రం తప్పేనని ఆరుగురూ ఒప్పుకున్నారు. అయితే గోప్యత అనేది రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదు కాబట్టి మిగతా నిఘా చెల్లుతుందన్నారు నలుగురు. సుబ్బారావు గారు, జస్టిస్ షా ఒప్పుకోలేదు. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయలేని భాగమని, మనిషి వెనక నీడలా ఎవరో తిరుగుతుంటే అతను స్వేచ్ఛగా ఉన్నట్టు కాదని సుబ్బారావు గారు వివరంగా రాశారు.

నాలుగు ఓట్లు అటు, రెండు ఇటు. అంటే ఓడిపోయినట్టే. ఓడిపోయిన వైపు రాసిన తీర్పుని ఏ పోలీస్ స్టేషన్ పాటించక్కర్లేదు. అయినా గెలిచే తీర్పుకి పెట్టే శ్రద్ధే దానికీ పెట్టారు.

1966 జూన్ 30న ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో, పదకొండు మంది జడ్జిల్లో ఆరుగురి మెజారిటీతో, పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించైనా సరే ప్రాథమిక హక్కుల్ని తగ్గించకూడదని తీర్పిచ్చారు. భూసంస్కరణలకి అడ్డుపడ్డారని దాని మీద గట్టి విమర్శ వచ్చింది. అయితే అప్పటికే పంచిన భూములు తలకిందులు కాకుండా, తీర్పు ఇకముందుకే వర్తిస్తుందన్నారు. ఆ పద్ధతిని అమెరికా కోర్టుల నుంచి తీసుకున్నారు.

అదే ఏడాది ఏప్రిల్ 10న ఇంకో తీర్పు వచ్చింది. మీ సీనియర్లు ఎమ్మెస్ చెయ్యడానికి డల్లాస్ వెళ్తున్నారంటే ఆ దారిలో ఇదీ ఒక మెట్టు. అప్పటిదాకా పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వం ఇష్టం. దానికంటూ సరైన చట్టమే లేదు. సత్వంత్ సింగ్ కేసులో ముగ్గురు ఇటు, ఇద్దరు అటు అయి, విదేశాలకి వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని తేలింది. ఆ జూన్‌లోనే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. మీరు ఒంగోలులోనో గుంటూరులోనో అప్లికేషన్ పెట్టుకుంటే, కాదనడానికి ఆఫీసరు కారణం రాయాల్సి రావడం అక్కడ మొదలైంది.

మర్నాడే, ఏప్రిల్ 11న, ఆయన రాజీనామా చేశారు. రిటైర్మెంట్‌కి ఇంకా మూడు నెలలే ఉంది. ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. జడ్జి కుర్చీలోంచి నేరుగా ఎన్నికలోకి దిగడమేంటని చాలామంది తప్పుపట్టారు. నాకూ ఆ విమర్శలో న్యాయం ఉందనే అనిపిస్తుంది. ఆ ఎన్నికలో జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్ల విలువ వస్తే, ఈయనకి 3,63,971 వచ్చింది. ఓడిపోయారు.

1973లో పదమూడు మంది జడ్జిల బెంచ్ గోలక్‌నాథ్ తీర్పుని పక్కన పెట్టింది. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం మార్చలేరని ఒక గీత గీసింది. 1975లో ఎమర్జెన్సీ వచ్చింది. 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో అన్యాయంగా జైల్లో పెట్టినా కోర్టుని అడగలేరని సుప్రీంకోర్టే చెప్పింది. ఆ తర్వాత ఎనిమిది రోజులకి, మే 6న, సుబ్బారావు గారు చనిపోయారు. ఆ రోజున ఆయన స్కోర్‌కార్డ్ చూస్తే ఏముంది? పెద్ద తీర్పు పోయింది, ఎన్నిక పోయింది, గోప్యత మాట మైనారిటీలో ఉండిపోయింది.

2017 ఆగస్టు 24న సీన్ మారింది. రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి గారు ఆధార్ మీద వేసిన కేసులో తొమ్మిది మంది జడ్జిలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. ఖరక్ సింగ్ కేసులో నలుగురు అన్నది తప్పని తేల్చారు. ఓడిపోయిన ఆ తీర్పే 55 ఏళ్ల తర్వాత గెలిచింది. మన ఫోన్ల డేటాకి 2023లో వచ్చిన చట్టం ఆ హక్కు మీదే నిలబడింది.

రిజెక్షన్ మెయిల్స్ అందుకుంటున్న మీకు, ఏదో ఒకరోజు అన్నీ గెలుస్తాయని చెప్పడానికి ఇదంతా రాయలేదు. చాలావి గెలవవు. సుబ్బారావు గారి చేతిలో ఉన్నది ఆ రోజు పేజీని సరిగ్గా రాయడం. అది చేశారు.

ఈ దారి మీదికి ఎవరికైనా మనసు పోతే వివరాలివి. బీటెక్ అయినా, ఏ డిగ్రీ అయినా, లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరొచ్చు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది, కాబట్టి ఒక సీనియర్ ఆఫీసుని ముందే చూసుకోండి. హైకోర్టు జడ్జి కావాలంటే పదేళ్లు హైకోర్టు న్యాయవాదిగానో, న్యాయాధికారిగానో చేసుండాలి. అమెరికాలో ఫెడరల్ జడ్జిని ప్రెసిడెంటు ప్రతిపాదిస్తే సెనేట్ ఒప్పుకోవాలి, ఆ తర్వాత జీవితాంతం కుర్చీ వాళ్లదే. మన దగ్గర హైకోర్టులో 62, సుప్రీంకోర్టులో 65 ఏళ్లకి దిగిపోవాలి.

లా మీ దారి కాకపోయినా ఒక పని చెయ్యండి. సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్సీఆర్ సైట్లో ఫ్రీగా ఉన్నాయి. ఖరక్ సింగ్ కేసు తెరిచి, ఆయన రాసిన చివరి భాగం చదవండి. ఇంగ్లిషు మరీ కష్టంగా లేదు. ఒంగోలు బస్సు ఎక్కి దిగేలోపు అయిపోతుంది.