అబ్రహాం అబులాఫియా

అబ్రహాం అబులాఫియా 13వ శతాబ్దానికి చెందిన యూదు మార్మికుడు, గ్రంథకర్త. హీబ్రూ అక్షరములను, భగవన్నామమును శ్వాసతోను, శిరస్సు కదలికతోను జోడించి ఉచ్చరించే ధ్యాన పద్ధతిని బోధించాడు. యూదుల మార్మిక విద్యయైన కబ్బాలాలో ఈయన మార్గమునకు ప్రవచన కబ్బాలా అని పేరు.

జీవితము

అబులాఫియా 1240లో నేటి స్పెయిన్ దేశంలోని సరగోసా నగరంలో జన్మించాడు. బాల్యము టుడేలాలో గడిచింది. తండ్రి సామ్యూల్ వద్దనే హీబ్రూ బైబిలు, తాల్ముద్ అభ్యసించాడు. తండ్రి మరణానంతరం, 1260లో, సాంబాట్యోన్ అనే పురాణ ప్రసిద్ధమైన నదిని వెదకుతూ పాలస్తీనాకు ప్రయాణమయ్యాడు. యుద్ధముల వలన ఏకర్ రేవు పట్టణం దాటలేకపోయాడు. తిరుగు ప్రయాణంలో గ్రీసులో వివాహమాడి, ఇటలీలోని కాపువాలో మైమోనిడిస్ తత్త్వగ్రంథమును చదివాడు. తరువాత బార్సిలోనాలో, 22 హీబ్రూ అక్షరములే సృష్టికి మూలమని చెప్పే సెఫెర్ యెత్సిరా అనే ప్రాచీన గ్రంథమును వ్యాఖ్యానములతో సహా అధ్యయనం చేశాడు. 31వ ఏట తనకు ప్రవక్తల స్థితి లభించినదని విశ్వసించాడు.

రోము యాత్ర

1280లో యూదుల పక్షమున మాట్లాడుటకు మూడవ నికోలస్ పోపు దర్శనమునకు బయలుదేరాడు. పోపు అప్పుడు సొరియానోలో ఉన్నాడు. ఈ యూదుడు వస్తే సజీవంగా దహనం చేయవలసినదని ఆజ్ఞ వెలువడింది, కట్టెలు కూడా పేర్చబడ్డాయి. ఆ సంగతి తెలిసియు అబులాఫియా వెనుదిరగలేదు. నగర ద్వారము వద్దకు చేరేసరికి పోపు ఆ ముందు రాత్రి హఠాత్తుగా మరణించినట్లు తెలిసింది. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఈయనను 28 రోజులు నిర్బంధించి విడిచిపెట్టారు. ఈ వృత్తాంతము ఆయన స్వయంగా వ్రాసుకున్నదే అయినను, పోపు 1280 ఆగస్టు 22న సొరియానోలో మరణించుట చరిత్రకెక్కిన విషయము.

ధ్యాన పద్ధతి

సాధకుడు శుచియై, తెల్లని వస్త్రములు ధరించి, ఏకాంతమున, రాత్రివేళ దీపములు వెలిగించి కూర్చుండవలెను. అక్షరములను ముందు వ్రాసి, పిదప పలికి, చివరకు మనస్సులోనే కూర్చవలెను. నామములోని ఒక్కొక్క అక్షరమును ఐదు అచ్చులతో మార్చి మార్చి, శ్వాసను లెక్కించుకొంటూ పలుకుతారు. హీబ్రూలో ఓకారపు చుక్క అక్షరముపైన ఉండును గనుక దానిని పలికేటప్పుడు తల పైకెత్తాలి, ఇకారపు చుక్క క్రింద ఉండును గనుక తల దించాలి. అక్షరముల కూర్పును ఆయన వీణా తంత్రుల నాదముతో పోల్చాడు. అక్షరములకు సంఖ్యలు కట్టుట కూడా ఈ విద్యలో భాగము. మన కటపయాది వంటిదే. అబ్రహాం, రజియేల్ అను పేర్లు రెండింటి విలువ 248 గనుక తన్ను రజియేల్ అని వ్యవహరించుకున్నాడు.

గెర్షోం షోలెం 1941లో వెలువడిన గ్రంథంలో ఈ పద్ధతికి, యోగాభ్యాసమునకు గల పోలికను చూపాడు. కాని ముఖ్యమైన భేదమొకటి ఉన్నది. నామజపంలో ఒకే నామమును ఆవర్తింపజేసి మనస్సును నిలుపుతారు. అబులాఫియా మార్గంలో అక్షరములు క్షణక్షణము మారుచుండును గనుక మనస్సుకు విశ్రాంతి ఉండదు.

వ్యతిరేకత

ఆ నాలుగక్షరముల నామమును యథాతథంగా పలుకుట యూదులకు నిషిద్ధము. పైగా సిసిలీలో ఈయన తాను ప్రవక్తనని, మెస్సీయానని చెప్పుకున్నాడు. బార్సిలోనా మతాచార్యుడు సాలమన్ ఇబ్న్ అద్రెత్ తీవ్రంగా ఖండించగా, మాల్టా సమీపంలోని కొమినో అనే చిన్న ద్వీపంలో తలదాచుకోవలసి వచ్చింది. సెఫెర్ హా-ఓత్ అక్కడ వ్రాసినదే. 1291 తరువాత ఆయన జాడ లేదు.

ఈయన రచనలు శతాబ్దములపాటు వ్రాతప్రతులుగానే చేతులు మారాయి. 16వ శతాబ్దపు హయీం విటాల్ తన గ్రంథం నాలుగవ భాగంలో ఈ పద్ధతిని ఉదాహరించగా, ముద్రాపకులు ఆ భాగమును అచ్చువేయక విడిచిపెట్టారు.