గాజుల లక్ష్మీనరసు సెట్టి

ధనవంతుఁడు రాజకీయములకై ధనము వెచ్చించినప్పుడు ఆ ధన మెవరి పక్షమున మాటలాడుచున్నదో మనము విచారింపవలయును. చెన్నపట్టణమునందలి తెలుఁగు వర్తకుఁడగు గాజుల లక్ష్మీనరసు సెట్టిగారి జీవిత మిందుకు నిదర్శనము.

ఆయన 1806వ సంవత్సరమున జన్మించెను. తండ్రిగారు చేయుచుండిన వస్త్రముల, నీలిమందు వర్తకమును వృద్ధిచేసి విశేష ధన మార్జించెను. 1844లో క్రెసెంట్ అను ఆంగ్లపత్రికను స్థాపించెను. పాఠశాలలలో బైబిలును పాఠ్యముగాఁ బెట్టుట కూడదని గట్టిగా నెదిరించెను. మిషను పాఠశాలవారమైనను మన మీ సంగతిని దాఁచ నవసరములేదు. న్యాయబుద్ధి ప్రతిపక్షియందును గౌరవింపఁదగినదే.

1852లో ఆయన మద్రాసు స్వదేశీయుల సంఘమును స్థాపించెను. పన్నుల వసూలునకై రైతులను హింసించుచున్నారని ఆ సంఘము ఇంగ్లండు పార్లమెంటునకు మొఱపెట్టుకొనెను. పార్లమెంటు సభ్యుఁడగు డాన్బీ సేమోర్ దొర 1853లో రాఁగా, సెట్టిగారు ఆయనకు రైతుల దురవస్థను స్వయముగాఁ జూపించెను. పిమ్మట ప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. ఆ హింసలు నిజమేయని 1855లో ఆ సంఘము తేల్చెను.

తరువాత ఆయనకు శాసనసభలో స్థానము లభించెను. కాని సంపద నిలువలేదు. ఎంతో ధన మార్జించిన ఆ వర్తకుఁడు 1868లో పేదఱికమున మరణించెను.

బాలబాలికలారా! ఆయన ధనము వ్యయమైపోయెను. నోరులేని రైతు మొఱ మాత్రము సముద్రము దాఁటి వినఁబడెను. ఈ రెంటిలో ఏది లాభమో, ఏది నష్టమో మీరే లెక్కకట్టుఁడు.