ఓజ్ కథకుడు

లైమన్ ఫ్రాంక్ బామ్ 1856వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. 1888లో అతడు డకోటా మైదానములందలి అబర్డీను పట్టణమున అంగడి తెరచెను. అనావృష్టిచే రైతులు చితికిపోయిరి. వారికి ధారాళముగా అరువిచ్చిన బామ్ అంగడి 1890లో మూతపడెను. పిదప చేపట్టిన వారపత్రికయు నిలువలేదు. షికాగో చేరి, పింగాణి సామానులమ్ముచు ఊరూర తిరిగెను. ఇల్లు చేరినపుడు తన నలుగురు కుమారులకు కథలు చెప్పెడివాడు.

1900లో ఓజ్ మాంత్రికుని కథ వెలువడెను. సుడిగాలికి కొట్టుకొనిపోయిన డొరొతీయను బాలిక వెండి పాదరక్షలు తొడిగి, పసుపుపచ్చని ఇటుకల బాట వెంట నడచుట అందలి వృత్తాంతము. బామ్ 1919లో మరణించెను.

1964లో లిటిల్‌ఫీల్డ్ అను ఉపాధ్యాయుడు ఆ కథకొక గూఢార్థము చెప్పెను. 1896 నాటి ఎన్నికలలో, బంగారముతోపాటు వెండి నాణెములును విరివిగా చెల్లవలెనని అప్పులపాలైన రైతులు కోరియుండిరి; ద్రవ్యము పెరిగినచో పంటలకు ధర వచ్చునని వారి ఆశ. ఆ వెండియే పాదరక్షలనియు, బంగారమే బాటయనియు, దిష్టిబొమ్మ రైతనియు, రేకుమనిషి కార్మికుడనియు అతడు వివరించెను. ఊహ ముచ్చటైనదే! కాని బామ్ ఆ యెన్నికలలో బంగారు పక్షమువాడగు మెకిన్లీని మెచ్చి పద్యము వ్రాసియుండెను. పిల్లల సంతోషమే తన ఉద్దేశమని కథకు పీఠికలోనే తెలిపెను. బామ్ రైతు పక్షమువాడనుటకు ఆధారము లేదని 1992లో లిటిల్‌ఫీల్డే అంగీకరించెను.