కాలువ చివరి పొలం వంతు: విశ్వేశ్వరయ్య నీరా కాలువ మీద చేసిన పని

ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం నాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఫొటో పేపర్లో చూస్తుంటారు. హైదరాబాద్ వరదల గురించో, మైసూరు డ్యామ్ గురించో నాలుగు ముక్కలు రాసి ఉంటాయి. కాలువ కింద సేద్యం చేసే మీకు అంతకన్నా ఎక్కువ పనికొచ్చేది ఆయన పుణె దగ్గర చేసిన పని.

ఆయన పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దెనహళ్లిలో. పూర్వీకులది మన ఉమ్మడి ప్రకాశం జిల్లా మోక్షగుండం. ఊరి పేరే ఇంటిపేరైంది. చిన్నప్పుడే తండ్రి పోతే, బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బి.ఎ. చదివారు. తర్వాత మైసూరు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో పుణెలో ఇంజనీరింగ్ పూర్తి చేసి, 1884లో బొంబాయి ప్రెసిడెన్సీ పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు.

1899లో పుణెలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు అయ్యేసరికి నీరా కాలువ కింద పరిస్థితి మీకు తెలియనిది కాదు. నీళ్లన్నీ కొన్ని ఊళ్లలోనే ఆగిపోయేవి. అక్కడ చెరకుకు అవసరానికి మించి పెట్టేవారు. ఆ పొలాలు ఊటెక్కి చౌడు తేలుతుంటే, కింది ఊళ్ల వాళ్లు నీటి కోసం ఎదురుచూసేవారు. అంటే ఒకే నీరు పైన నేలను, కింద పైరును పాడుచేస్తోందన్నమాట.

దీనికి ఆయన పెట్టినదే బ్లాకు పద్ధతి. నీటిని ఎక్కువ ఊళ్లకు పంచి, ఒక్కో ఊళ్లో నీరు పెట్టడానికి అనువైన మంచి నేలను ఒకేచోట బ్లాకుగా గుర్తించారు. ఆ బ్లాకులో మూడింట ఒక వంతు చెరకు, ఒక వంతు వరి, మిగిలిన వంతు జొన్న లాంటి తక్కువ నీటి పంట. ఏటా పంటలు చోటు మారుతూ మూడేళ్లకు చుట్టు పూర్తవుతుంది. బ్లాకుకు ఎంత నీరన్నది ముందే ఖరారు.

ఇందులోని కిటుకు గమనించండి. చెరకుకు ఏడాది పొడవునా నీళ్లు కావాలి, వరికి ఒక సీజనే, జొన్నకు కొన్ని తడులు చాలు. ఆయకట్టంతా ఒకే పంట వేస్తే అందరికీ ఒకేసారి నీళ్లు కావాలి, కాలువ అంత మోయలేదు. పంటలు కలిపితే ఆ ఒత్తిడి విడిపోతుంది. పైగా మూడేళ్లలో ఒకసారి నేలకు ఆరే అవకాశం దొరుకుతుంది కాబట్టి చౌడు పెరగదు. నన్నడిగితే ఇది ఇంజనీరింగ్ కన్నా వ్యవసాయ శాస్త్రమే ఎక్కువ.

మొదట్లో వ్యతిరేకత వచ్చింది. కావలసినంత పారించుకునే అలవాటున్న వాళ్లకు లెక్క కట్టి ఇస్తామంటే ఎక్కడైనా నచ్చదు. తర్వాత 1901లో ఏర్పాటైన భారత నీటిపారుదల కమిషన్ ఈ పద్ధతిని మెచ్చుకుంది.

ఖడక్‌వాస్లా డ్యామ్‌కు ఆయన పెట్టిన ఆటోమేటిక్ గేట్లూ అలాంటి ఆలోచనే. గట్టు ఎత్తు పెంచకుండా అదనంగా నీరు నిల్వ చేసి, వరద మట్టం దాటితే వాటంతటవే తెరుచుకునే గేట్లు అవి. 1908 మూసీ వరదల తర్వాత నిజాం ప్రభుత్వం పిలిస్తే వచ్చి, ఎగువన జలాశయాలు కట్టాలని సూచించారు. అవే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్.

1909లో మైసూరు చీఫ్ ఇంజనీరయ్యాక కావేరి మీద కృష్ణరాజసాగర్ తలపెట్టారు. ఇక్కడ తగాదా రెండు ఊళ్ల మధ్య కాదు, మైసూరు, మద్రాసు ప్రభుత్వాల మధ్య. తంజావూరు డెల్టాలో వందల ఏళ్లుగా వరి పండుతోంది, పైన ఆపితే మా గతేమిటని మద్రాసు అడిగింది. అది న్యాయమైన ప్రశ్నే. చివరికి తక్కువ నిల్వతో తొలి దశకు మాత్రమే ఒప్పుకుంది. 1911లో పని మొదలైంది. విశ్వేశ్వరయ్య గారు మాత్రం పునాదిని పూర్తి ఎత్తుకు సరిపడా వేయించారు. దీన్ని ముందుచూపుగా మెచ్చుకోవడం మామూలే. తంజావూరు రైతు వైపు నిలబడి చూస్తే మాత్రం వేరుగా కనిపిస్తుంది.

మధ్యవర్తి తీర్పు 1914లో వచ్చినా మద్రాసు ఒప్పుకోలేదు. 1924 ఒప్పందంతో గాని దారి దొరకలేదు. మైసూరు పూర్తి ఎత్తు జలాశయం కట్టుకోవచ్చు, కానీ కిందికి ఎంత వదలాలన్న దానికి నిబంధనలుంటాయి. మద్రాసు మెట్టూరు కట్టుకోవచ్చు. అప్పటికి విశ్వేశ్వరయ్య గారు దివాన్ పదవి వదిలి ఐదేళ్లు దాటింది. మండ్య ప్రాంతం ఆ నీటితోనే చెరకు సీమ అయింది. కావేరి వివాదం మాత్రం 1990లో ట్రిబ్యునల్‌కు, ఆ తర్వాత సుప్రీంకోర్టు 2018 తీర్పు దాకా నడిచింది. 1955లో భారతరత్న అందుకున్న ఆయన, వందేళ్లు దాటి బతికి 1962లో కన్నుమూశారు.

మన కృష్ణా నీళ్లలో ఉమ్మడి రాష్ట్రానికి బచావత్ ట్రిబ్యునల్ 811 టీఎంసీలు కేటాయించింది. రాష్ట్రానికి వచ్చిన వాటా మీ తూము దాకా రావాలంటే మధ్యలో మేజరు, మైనరు, పంట కాలువ అన్నిచోట్లా వంతులు నడవాలి. అందుకే 1997లో రైతుల యాజమాన్య చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి.

ఈ సీజన్‌లో కాలువ వదిలే ముందు మీ సంఘాన్ని, సంఘం నడవని చోట నీటిపారుదల ఏఈని రెండు సంగతులు అడగండి: మీ తూముకు నీరు వచ్చే రోజులేవి, ఎన్ని గంటలు? జలాశయంలో నిల్వ తక్కువగా ఉందని చెబితే వరి నారు పోయకముందే, తూము కింద రైతులంతా కలిసి ఎవరు ఎన్ని ఎకరాలు ఆరుతడి పంటలకు మారాలో మాట్లాడుకోండి. ఆ మాటలకు కాలువ చివరి రైతులనూ పిలవండి. అనుకున్న వంతులు కాగితం మీద రాసి, లస్కరు దగ్గర ఒక ప్రతి ఉంచండి.