రామదండు నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

విజయవాడలో ఆంధ్రరత్న భవన్ తెలియనివారు తక్కువ. అది ఎవరి పేరు మీద ఉందో చెప్పమంటే మాత్రం ఇప్పటి పిల్లలే కాదు, మన వయసు వాళ్లలోనూ చాలామంది ఆలోచనలో పడతారు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం పెద్దలు అడిగినప్పుడు, కృష్ణా జిల్లాలో పుట్టి 39 ఏళ్లకే కన్నుమూసిన ఆ మహనీయుడి గురించి, ఆయన తీర్చిదిద్దిన రామదండు గురించి రాయాలనిపించింది.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు 1889 జూన్ 2న పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టిన కొద్ది రోజులకే తల్లి పోయింది. ఊహ తెలియకముందే తండ్రీ పోయారు. నాయనమ్మ, బాబాయిల చేతుల్లో పెరిగారు. గుంటూరు, బాపట్లల్లో చదివారు. చదువు మీద కంటే పాట మీద, పద్యం మీద, నాటకం మీద మనసెక్కువ. కొంతకాలం బాపట్ల తాలూకా కచేరీలో చిన్న ఉద్యోగం చేశారు. ఆ కుర్చీలో ఇమడలేక, 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావు గారితో కలిసి ఓడెక్కి స్కాట్లండ్ వెళ్లారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తి చేశారు. ఆ రోజుల్లోనే ఆనంద కుమారస్వామి గారితో పరిచయమైంది. ఇద్దరూ కలిసి నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం దాన్ని అచ్చువేసింది.

స్వదేశానికి వచ్చాక రాజమండ్రిలో సర్కారు కొలువు, ఆ తర్వాత బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకత్వం. ఎక్కడా ఎక్కువకాలం నిలవలేదు. నిలకడ లేని మనిషని అప్పట్లో అన్నవాళ్లూ ఉన్నారు. ఒకటి మాత్రం గమనించాలి. బాబాయి గారి ఇంటి నుంచి ఎడింబరో దాకా ప్రతి కొన్నేళ్లకూ ఆయన కొత్త మనుషుల మధ్య పడ్డారు. ఎవరితోనైనా కలిసిపోయే చనువు, ఎంత గుంపునైనా నవ్వించి నడిపించే నేర్పు ఆ తిరుగుడులోనే అబ్బి ఉంటాయని నాకనిపిస్తుంది.

సహాయ నిరాకరణ ఉద్యమంలో దిగాక ఆయన చీరాలను కేంద్రంగా చేసుకున్నారు. యువకులను చేర్చి, క్రమశిక్షణ నేర్పి స్వచ్ఛంద సేవాదళాన్ని తయారుచేశారు. దానికి రామదండు అని పేరు పెట్టారు. వాలంటీరు కోర్ అంటే పల్లెటూరి మనిషికి పరాయిగా వినిపిస్తుంది. రాముడి దండు అంటే ముసలమ్మకు కూడా అర్థమవుతుంది. దాదాపు వెయ్యిమంది అందులో చేరారు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అని తీర్మానించింది ఇక్కడే. పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిందీ ఇక్కడే. గాంధీజీని చూడటానికి జనం వెల్లువలా వచ్చారు. మైకులు లేని రోజులు. ఆ జనాన్ని అదుపులో పెట్టి, నాయకులకు దారి చేసి, తొక్కిసలాట జరగకుండా చూసింది రామదండే. చీరాల కుర్రాళ్లు పరాయి ఊళ్లో, పరాయి జనం మధ్య ఆ పని నెగ్గించుకొచ్చారు.

ఆ వెంటనే అంతకంటే పెద్ద పరీక్ష వచ్చింది. 1919లో చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి సుమారు 4 వేలుగా ఉన్న పన్ను 40 వేలకు పోయింది. నేతపని మీద బతికే ఊళ్లు అవి. సమావేశం తర్వాత చీరాల వచ్చిన గాంధీజీ రెండు దారులు చూపించారు: శాంతంగా పన్ను నిరాకరించడం, లేదా ఊరే వదిలి పోవడం. గోపాలకృష్ణయ్య గారు రెండోది ఎంచుకున్నారు. ఊళ్లు ఖాళీ అయ్యాయి. పొలిమేర అవతల పాకలు వేసుకుని, దానికి రామనగరమని పేరు పెట్టుకుని, జనం ఎండకు ఎండి వానకు తడిసి దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. కావలి నుంచి సాయం దాకా రామదండు అండగా నిలిచింది.

నిధుల కోసం బరంపురం వెళ్లినప్పుడు ఆయన్ను అరెస్టు చేసి ఏడాది జైలుశిక్ష వేశారు. తిరుచినాపల్లి జైలులో ఉంచారు. నాయకుడు లేని రామనగరం నెమ్మదిగా సడలింది. జనం పాత ఇళ్లకు తిరిగి వెళ్లారు. మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది. విడుదలయ్యాక ఆయన ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి వంటి సాహిత్య ప్రయత్నాలు చేశారు గాని, పేదరికం, క్షయ కలిసి కుంగదీశాయి. 1928 జూన్ 10న కన్నుమూశారు.

ఆయన మీద గౌరవం ఎంత ఉన్నా ఒక్క మాట చెప్పక తప్పదు. వెయ్యిమందికి క్రమశిక్షణ వచ్చింది గాని, ఆ క్రమశిక్షణ అంతా ఒక్క మనిషి చుట్టూ అల్లుకుంది. ఆ మనిషిని తప్పించగానే దండు బలం తగ్గింది. సైనిక అకాడమీలు ఈ ప్రమాదాన్ని ముందే గుర్తిస్తాయి. ఖడక్‌వాస్లాలో మూడేళ్లు ఒకే స్క్వాడ్రన్‌లో కలిసి తిన్న కేడెట్లు డెహ్రాడూన్ చేరాక కోహిమా, అలమీన్ వంటి పేర్లున్న వేరువేరు కంపెనీల్లోకి వెళతారు. అమెరికాలోని వెస్ట్ పాయింట్‌లో శిక్షణ మధ్యలోనే కేడెట్లను కొత్త కంపెనీలకు మారుస్తారు. పాత స్నేహితుల మధ్య మంచి పేరు తెచ్చుకోవడం తేలిక. ముఖం తెలియని వాళ్ల మధ్య, కొత్త అధికారి కింద మళ్లీ మొదటి నుంచి తెచ్చుకోవడమే అసలు శిక్షణ. అదే వెస్ట్ పాయింట్‌లో 1957 దాకా కవాతు వరస చూడముచ్చటగా ఉండాలని ఎత్తును బట్టి కంపెనీలు వేసేవారు. పొడుగువాళ్లు ఒకచోట, పొట్టివాళ్లు ఒకచోట. తర్వాత ఆ పద్ధతి మానేశారు.

మన బెజవాడలో ఇప్పుడు ఎత్తు బదులు మార్కులు వచ్చాయి. వారం పరీక్ష పెట్టి, ర్యాంకును బట్టి పిల్లల్ని పై సెక్షన్‌కో కింది సెక్షన్‌కో తోస్తున్నారు. అదీ మార్పే, కాని కలిపే మార్పు కాదు, ఏరే మార్పు. నా వృత్తి భాషలో చెప్పాలంటే ఒకే సైజు కంకరతో కాంక్రీటు గట్టిపడదు. పెద్ద కంకర, చిన్న కంకర, ఇసుక కలిస్తేనే సందులు పూడి బరువు మోస్తుంది.

అందుకే మన సంఘానికి ఒక మనవి. ప్రతి సమావేశంలోనూ ఏ బ్యాచ్ వాళ్లు ఆ బ్యాచ్ బల్ల దగ్గరే కూర్చుంటున్నాం. ఈ స్వర్ణోత్సవ పనుల్లోనైనా, భోజనాల దగ్గర నుంచి బడి గ్రంథాలయం సర్దే వరకు, ప్రతి జట్టులో అన్ని బ్యాచ్‌ల వాళ్లనూ కలపండి. జట్టు పెద్దను కూడా ఏటా మార్చండి. రామదండుకు దొరకని రెండో నాయకుడు మనకు అలా దొరుకుతాడు.