మన్యపు గురి: అల్లూరి సీతారామరాజు

బస్తరు సీమలోని బాసగూడ చెంత ప్రవహించు తాలిపేరు నది దక్షిణముగా సాగి, తెలుగునేల ప్రవేశించి, గోదావరిలో కలియును. ఆ గోదావరి వెంట దిగువకు బోయి, శబరీసంగమము దాటినచో మన్యపు కొండలు కానవచ్చును. ఇచట కోయలు, దోర్లలు. అచట కోయలు, కొండదొరలు. ఇరుతావుల వారికిని విల్లంబులు తాతలనాటి సొత్తు. 1910లో గుండాధూరు నాయకుడుగా బస్తరున చెలరేగిన భూంకాల్ తిరుగుబాటులో ఆ విండ్లు తుపాకుల ముందు నిలువజాలకపోయినవి. పండ్రెండేండ్లకు మన్యమున అట్టి విలుకాండ్రే తుపాకులు చేబూనిరి. వారిని నడపిన మహావీరుడు అల్లూరి సీతారామరాజు.

ఆయన 1897 జూలై 4న పాండ్రంగి గ్రామమున, మాతామహుల యింట జన్మించెను. తల్లి సూర్యనారాయణమ్మ. తండ్రి వెంకటరామరాజు ఛాయాచిత్రములు తీయుట వృత్తిగా గలవాడు. కుమారుని బాల్యముననే గతించెను. బడిచదువు నిలకడగా సాగలేదు. గుఱ్ఱపుస్వారి, జ్యోతిషము, మూలికావైద్యము ఆయన మనస్సును ఆకర్షించినవి. యౌవనమున విరాగియై తీర్థములు సేవించి, తుదకు కృష్ణదేవిపేట ప్రాంతమున నిలిచెను. కొండవారికి మందులిచ్చెను, మద్యము మానుడని బోధించెను, తగవులు తీర్చెను. ఏ సేనలోను ఆయన శిక్షణ పొందియుండలేదు.

1882 నాటి అటవీశాసనము పోడు వ్యవసాయమునకు అడ్డమయ్యెను. అడవిలో పుల్లయేరుటయు నేరమయ్యెను. నర్సీపట్నము నుండి చింతపల్లికి వేయు బాటపనిలో కూలివారికి న్యాయమైన కూలి దక్కలేదు. గాము గంటందొర, మల్లుదొర మొదలగువారు తమ గోడు రాజుతో చెప్పుకొనిరి. విన్నపములు ఫలింపకుండుటచే ఆయన తిరుగుబాటునకు పూనుకొనెను.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలు ముట్టడింపబడెను. మూడు దినములలో 26 తుపాకులు, వాటితోపాటు తూటాలు చేజిక్కినవి.

తుపాకి చేజిక్కినంతనే తుపాకివిద్య అలవడునా? బారులు తీర్చి, లక్ష్యఫలకముల నెదుట నిలిపి, నెలల తరబడి నేర్పుట సేనల పద్ధతి. మన్యమువారికి అట్టి వసతి లేదు; గురి నేర్చుటకై వెచ్చింపదగిన తూటాలును లేవు. కాని వారికి వేటయే బడి. విలుకాడు మృగమునకు మిక్కిలి చేరువ కావలెను. అందులకై అడుగుల చప్పుడు అణచుట, గాలివాలు గమనించుట, ఊపిరి బిగబట్టి తగిన క్షణమునకై వేచియుండుట బాల్యమునుండి నేర్చును. ఒక బాణము వ్యర్థమైనచో వేట తప్పిపోవును. కన్ను, చేయి, ఓర్పు కుదిరినవానికి తుపాకి యందు క్రొత్తగా నేర్వవలసినవి కొన్నియే: తూటా పెట్టుట, భుజమున అదుము నోర్చుట, మీట తొందరపడక నొక్కుట.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ఆ విద్య వెల్లడియయ్యెను. పొదలమాటున పొంచియున్న రాజు అనుచరులు ముందు నడచు భారతీయ భటులను పోనిచ్చి, వెనుక వచ్చు ఆంగ్లాధికారులైన స్కాట్ కవర్డ్, హైటరు అను నిరువురనే నేలగూల్చిరి. ఎవనిని కొట్టవలెనో, ఎవనిని విడువవలెనో ఎరిగియుండుటయు వేటగాని విద్యయే.

అయితే ఎదిరిపక్షము కూడ నేర్చుకొనెను. మైదానపు పోలీసులు కొండలలో అక్కరకురాకుండుటచే, 1921 నాటి మాపిళ్ల తిరుగుబాటుతో ఏర్పడిన మలబారు ప్రత్యేక పోలీసుదళమును రప్పించిరి. 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెము వద్ద రాజు పక్షమునకు గొప్ప నష్టము వాటిల్లెను. పిమ్మట ఈశాన్యపు టడవులలో ఆరితేరిన అస్సాము రైఫిల్సు దళము దిగెను. వేటగాని నేర్పు తూటాలను పుట్టింపలేదు. పల్లెలపై పడిన జరిమానాలను, ఆకలిని ఆపలేదు.

1924 మే 7న రాజు పట్టువడెను. కొయ్యూరులో న్యాయవిచారణ యేదియు లేకయే ఆయనను కాల్చిచంపిరి. నిండ 27 ఏండ్లును నిండలేదు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. చెరసాల ననుభవించిన మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యెను. 2022లో ఒక జిల్లాకు సీతారామరాజు పేరు పెట్టిరి.

ఉద్యోగధర్మమున మనలో పలువురు కొండసీమలకు బోవుచుందురు. అచ్చటివారిని చదువురానివారని తలచుట మనకు సులువు. వారు అడవిలో చదివిన చదువును గుర్తించి, గౌరవించి, వారితో కలసి బ్రతికినవాడు సీతారామరాజు. మన్యము ఆయనను నాయకునిగా వరించుటకు అదియే కారణము.